తిన్న ఆంబోతుల సంతానం

1996 డిసెంబరు పన్నెండున మేము బోరన్‌ను తిన్నాం.

బోరన్ మా తుజ్‌దికోల్ పశుక్షేత్రంలోని నాలుగు ఆంబోతుల్లో పెద్దది. ఎర్రటి ఒళ్లు, పాలలో ముంచి తీసినట్టు తెల్లటి ముఖం. అది జీతం బదులు మాంసం పంచిన చలికాలం. నా భార్య కుల్పాష్ మా వాటా ముక్కల్ని నాలుగు గంటలు ఉడికించింది. వెడల్పాటి పిండి రేకుల మీద పరిచి ఉల్లిపాయ రసం పోసింది. ఉప్పుకు కొరత లేదు, ఊరి పక్క ఉప్పు సరస్సు ఒడ్డున ఎంతయినా పేరుకునేది. ఆంబోతు మాంసం పీచుగా ఉంటుంది. ఆమె ఒక ముక్క నోట్లో పెట్టుకుని, నమలకుండా చాలాసేపు కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

కొత్త సంవత్సరం వచ్చేలోగా జలిన్, తుమార్ కూడా అలాగే పోయాయి. అక్‌మండాయ్ ఒక్కటే మిగిలింది. అన్నిటిలో చిన్నది, బక్కది. కోసినా పంచడానికి సరిపోదని వదిలేశారు.

నేను ఒరాల్ కాలేజీలో పశుపోషణ చదివి ఈ క్షేత్రానికి వచ్చాను. ఏ ఆవును ఏ ఆంబోతుతో కలపాలో నిర్ణయించడం నా పని. పుట్టిన ప్రతి దూడకూ తల్లి పేరు, తండ్రి పేరు వంశావళి పుస్తకంలో రాయడం కుల్పాష్ పని. ఆ పుస్తకం సక్రమంగా ఉన్నంతకాలమే మాది జాతి పశువుల క్షేత్రం. లేకపోతే మందనంతా లారీలకెక్కించి తోలుకుపోతారు, ఊరు ఖాళీ అవుతుంది. ఆ రోజుల్లో చుట్టుపక్కల అలా ఖాళీ అయిన ఊళ్లు నాలుగు ఉండేవి.

1998 వసంతంలో, అక్‌మండాయ్ ఒక్కదానికే కలిసిన ఆవులు ఈనడం మొదలైంది. తనిఖీవాళ్లు వస్తున్నారని కబురు వచ్చింది. అన్ని దూడలకూ ఒకే తండ్రి అని రాస్తే క్షేత్రం గుర్తింపు పోతుంది.

"బోరన్ పేరు, జలిన్ పేరు, తుమార్ పేరు కూడా రాయి. వాటి వీర్యం గడ్డకట్టించి దాచామని చెబుతాను," అన్నాను కుల్పాష్‌తో.

"ఏ సీసాలో దాచాం? నైట్రోజన్ పీపాలో ఇప్పుడు కిరసనాయిలు పోస్తున్నారు కదా."

"వాళ్లు మూత తీసి చూడరులే."

కలం పట్టుకుని ఆమె కాసేపు ఆగింది. "మనుషుల పిల్లలకి అబద్ధపు తండ్రి పేరు పెడితే, రేపు వాళ్ల పెళ్లిళ్లప్పుడు ఏమవుతుంది?"

"దూడలు ఏడు తాతల పేర్లు లెక్కపెట్టుకోవు, కుల్పాష్," అని నవ్వాను.

ఆమె నవ్వలేదు. రాసింది. ఆ ఏడాది, ఆ పై ఏడాది, ఆ తరువాతి ఏడాది కూడా. మేము తినేసిన ఆంబోతులు కాగితం మీద మూడేళ్ల పాటు తండ్రులవుతూనే ఉన్నాయి. క్షేత్రం నిలబడింది. ఊరు నిలబడింది. తరువాత మేమిద్దరం ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేనయితే మరిచిపోయాను. బోరన్ కొడుకని పుస్తకంలో ఉన్నదాన్ని జలిన్ కూతుళ్లని ఉన్నవాటితో కలిపాను. వాటి పిల్లల్ని తుమార్ మనవరాళ్లతో కలిపాను. పుస్తకం చూసి, దూరపు రక్తమే కదా అని నిశ్చింతగా కలిపాను.

కుల్పాష్ పోయి నాలుగేళ్లయింది.

చచ్చిన దూడలు పుట్టడం ఆమె పోయిన మరుసటి వసంతంలో మొదలైంది. ఆ ఏడు రెండు. తరువాత ఐదు. నిరుడు పదకొండు. ఈ వసంతంలో పంతొమ్మిది. నెలలు నిండే పుడతాయి. గిట్టలు, చెవులు, కనురెప్పల వెంట్రుకలు అన్నీ సరిగ్గా ఉంటాయి. కళ్లు తెరిచే ఉంటాయి. ఊపిరి మాత్రం తీసుకోవు. తల్లి ఆ తెల్లటి ముఖాన్ని నాకుతూ నాకుతూ, చివరికి మన వైపు తిరిగి చూస్తుంది. ఆ చూపు ముందు నిలబడటం కష్టం. పశువుల కాపరి ఎస్కలి మాత్రం ప్రతిసారీ నిలబడేవాడు. గడ్డి పరిచి, తల్లి వాసన చూడటం పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడే దూడను తీసేవాడు. డెబ్బై రెండేళ్ల ఆయనకు ఆ ఓపిక ఎవరు నేర్పారో తెలియదు.

ఒకరోజు టీ తాగుతూ ఎస్కలి అన్నాడు: "ఓరెకె, మంద తోలుకొచ్చేటప్పుడు మూడు ఎక్కువొస్తున్నాయి."

నా పేరు ఓరాజ్‌గలి. పెద్దవాళ్లూ చిన్నవాళ్లూ గౌరవంగా ఓరెకె అంటారు, ఎస్కలిని ఎసెకె అన్నట్టే.

"కళ్లజోడు మార్చుకో, ఎసెకె."

"కళ్లు పోతే తగ్గాలి గానీ ఎక్కువెందుకొస్తాయి? నువ్వు చదువుకున్నోడివి, చెప్పు."

"ఎలా ఉంటాయి అవి?"

"వెనకాల వస్తాయి. తలలొంచుకుని. గిట్టల చప్పుడుండదు. గేటు దాకా వస్తాయి, లోపలికి రావు."

నవ్వేశాను. కానీ మర్నాడు సాయంత్రం నేనే గేటు దగ్గర నిలబడి లెక్కపెట్టాను. మూడు వందల మూడు వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టాను. మూడు వందలు. దుమ్ములో, వాలు వెలుతురులో అన్నీ ఒకే ముఖాలు. లెక్క తప్పడం పెద్ద విషయం కాదని నాకు నేనే చెప్పుకుంటూ ఇంటికి నడిచాను. వెనక్కి తిరిగి చూడలేదు.

క్షేత్రం ఇప్పుడు సగిందిక్ చేతిలో ఉంది. నలభై అయిదేళ్లవాడు, చురుకైనవాడు, చెడ్డవాడు కాదు. ఈ మే నెలలో అతను అల్మాతి నుంచి మెరుయెర్త్ అనే జన్యుశాస్త్రవేత్తను పిలిపించాడు. పశువు తోక వెంట్రుకల కుదుళ్లలోంచి వంశ లక్షణాలు చదివి, ఏ ఆంబోతు దూడలు ఎంత వేగంగా బరువెక్కుతాయో అవి పుట్టకముందే అంచనా వేయడం ఆమె పని. ఊళ్లో బస లేదు కనుక మా ఇంట్లోనే, కుల్పాష్ పుస్తకాలు ఉండే గదిలో దిగింది.

వచ్చిన రోజే ఎస్కలి ఆమెను పరీక్షకు కూర్చోబెట్టాడు.

"ఎవరి మనిషివమ్మాయ్?"

"షిమ్‌కెంట్ దగ్గర, ఆతా."

"ఊరు కాదే, తాతలు. ఏడుగురూ చెప్పు. చెప్పకపోతే నీకు మీగడ లేని టీ."

ఆమె వేళ్లు మడుస్తూ గడగడా చెప్పుకుపోయింది. ఆరో పేరు దగ్గర తడబడింది.

"ఏం, ఆరో ఆయన అలిగి వెళ్లిపోయాడా?"

"ఉండండి ఆతా, పిలుస్తున్నా... బైసెన్! ఏడోది తిలెప్."

"భేష్. మన రెండు వంశాలూ ఎక్కడా కలవవు. మా మనవడికి చేసుకోవచ్చు."

"నాకు మొగుడున్నాడు."

"ఉండనీలే. తాతలు మంచోళ్లు, వినడానికి బాగుంది. ఓరెకె, అమ్మాయికి మీగడ పొయ్యి."

అంతా నవ్వాం. ఏడు తరాల్లోపల పెళ్లి చేసుకోకూడదన్నది మాకు ఎవరూ నేర్పనక్కరలేని సంగతి. పాలు మరిచిన పిల్లాడికి మొదట నేర్పేది ఆ ఏడు పేర్లే. మా పెద్దవాడు ప్రేమించిన పిల్ల అయిదో తరంలో కలుస్తుందని తెలిసినప్పుడు, కుల్పాష్ రెండు రోజులు అన్నం మానేసి ఆ సంబంధం తప్పించింది. అప్పుడు కూడా మాకిద్దరికీ పుస్తకంలో రాసిన ఆ మూడు ఆంబోతుల పేర్లు గుర్తు రాలేదనుకున్నాను.

మెరుయెర్త్ ఫలితాలు మే ఇరవై నాలుగున వచ్చాయి. క్షేత్రం ఆఫీసు గదిలో సగిందిక్, నేను కూర్చున్నాం. ఎస్కలి తలుపు దగ్గర టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. జూన్ ఒకటిన ఆంబోతుల్ని మందలోకి వదలాలి. దేన్ని వదలాలన్నది ఆ రోజు తేలాలి.

"అన్నిటికన్నా పైన 417వ నంబరు ఆంబోతు," అంది మెరుయెర్త్. "దగ్గర్లో కూడా ఇంకోటి లేదు. దీని దూడలు చాలా బాగా ఎదుగుతాయి."

సగిందిక్ బల్ల చరిచాడు. "అయితే మూడు వందల ఆవులకీ అదే! వేరే క్షేత్రాలవాళ్లు కూడా వీర్యం అడుగుతున్నారు."

"ఒక్క చిక్కుంది," అందామె. "పుస్తకం ప్రకారం 417కీ ఈ ఆవులకీ చుట్టరికం దూరం. వెంట్రుకలు చూస్తే ముప్పై ఒక్క పశువుల దగ్గర లెక్క తప్పుతోంది. పుస్తకంలో వాటి తాతలు వేరువేరు, నమూనాల్లో ఒక్కటే. చనిపోయిన దూడల్లో అయితే తల్లి వైపు నుంచి, తండ్రి వైపు నుంచి ఒకే జన్యు ముక్క వచ్చింది, అచ్చుగుద్దినట్టు. ఒక వైపు నుంచి వస్తే దూడ 417 లాగే బలంగా ఎదుగుతుంది. రెండు వైపుల నుంచీ వస్తే ఊపిరి తీసుకోదు. పుస్తకం నిజమైతే ఇన్నింటికి రెండు వైపుల నుంచీ రాకూడదు."

"పుస్తకం తప్పదు," అన్నాడు సగిందిక్. "కుల్పాష్ అపా రాసింది. ఆవిడ కొట్టివేత ఒక్కటి కూడా లేకుండా రాసేది, జిల్లా అంతా తెలుసు."

"నేనూ చూశాను. అందుకే నమూనాలే కలిసిపోయాయేమో అనుకుంటున్నా. కవర్లలో పెట్టేటప్పుడు..."

అందరూ ఎస్కలి వైపు చూశారు. వెంట్రుకలు పీకి కవర్లలో పెట్టింది ఆయనే.

"నేను ఒక్కో దానికీ చెవి పోగు నంబరు మూడుసార్లు చూసి రాశా, తల్లీ."

"ముసలాయనా, నువ్వు మందలో మూడు ఎక్కువ లెక్కపెడుతున్నావని ఊరంతా చెప్పుకుంటోంది," అన్నాడు సగిందిక్. గొంతు పెంచలేదు. అదే బాధగా ఉంది. "చాలించు ఇక. విశ్రాంతి తీసుకో. ఎల్లుండి నుంచి వేరే మనిషిని పెడతాను. అమ్మాయ్, ఆ ముప్పై ఒకటీ తీసేసి పుస్తకం ప్రకారమే లెక్క కట్టు."

ఎస్కలి టోపీ పెట్టుకోబోయి, మళ్లీ తీసి, చేత్తోనే పట్టుకుని బయటికి వెళ్లాడు. నలభై ఏళ్లుగా ఆ మంద వెనక నడిచిన మనిషి.

నేను నోరు తెరవలేదు. తెరిస్తే ఏం చెప్పాలి? ఒక్క కొట్టివేత కూడా లేని ఆ చేతిరాత అబద్ధమనా? ఆమె గురించి ఈ లోకంలో మిగిలింది ఆ మంచి మాట ఒక్కటే. సమాధి రాయి కన్నా అదే ఎక్కువ కాలం ఉంటుందనుకునేవాణ్ణి.

మర్నాడు శుక్రవారం. శుక్రవారాల్లో పోయినవాళ్ల కోసం ఏడు పల్చటి రొట్టెలు నూనెలో కాలుస్తాం. కాగిన నూనె వాసనకు వాళ్లు ఇంటికి వచ్చి కాసేపు కూర్చుని వెళతారని నమ్మకం. నాలుగేళ్లుగా నేనే కాలుస్తున్నాను. మొదట్లో మాడిపోయేవి. ఇప్పుడు ఫరవాలేదు. ఆ రోజు మొదటి రొట్టె నూనెలో వేయగానే, కిటికీ అవతల ఏదో బరువైనది గోడకు ఒళ్లు రాసుకున్న చప్పుడయింది. బయటికి వెళ్లి చూశాను. ఏమీ లేదు. తడి గడ్డి వాసన, పశువు ఊపిరి వెచ్చదనం లాంటిది మాత్రం ఉంది. ఈ వాసనకు వచ్చేది కుల్పాష్ ఒక్కతే అని ఎందుకనుకున్నాను? మేము తిన్నవి కూడా ఈ ఇంటి నుంచే పోయాయి. వాటి పేర్ల మీద ఎవరివో పిల్లల్ని రాసి, వాటిని కదలనివ్వకుండా చేసింది మేమే కదా అనిపించింది.

రొట్టెలు గుడ్డలో చుట్టి ఎస్కలి ఇంటికి పట్టుకెళ్లాను. ఆయన గుమ్మం ముందు కూర్చుని బూట్లకు కొవ్వు రాస్తున్నాడు. రేపటి నుంచి మంద వెనక నడవని మనిషి బూట్లకు కొవ్వు రాయడం చూడలేకపోయాను.

"లే, ఎసెకె. ఆఫీసుకు రా నాతో."

"మళ్లీ తిట్టించడానికా?"

"రా. నీకు ఏడు తాతల పేర్లు చెప్పాలి."

"నీ తాతలు నాకు తెలుసు కదయ్యా."

"నావి కాదు. 417వి."

ఆఫీసులో సగిందిక్, మెరుయెర్త్ లెక్కలు చూసుకుంటున్నారు. నేను నిలబడే, రొట్టెల మూట బల్ల మీద పెట్టి, పిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు వేళ్లు మడుస్తూ మొదలుపెట్టాను. 417 తండ్రి, దాని తండ్రి, దాని తండ్రి. నాలుగో పేరు దగ్గరకు వచ్చేసరికి వేలు మడవలేకపోయాను.

"నాలుగో పేరు బోరన్ అని పుస్తకంలో ఉంది. మూడోది ఆ బోరన్ దూడ, పుట్టింది 1999 ఏప్రిల్‌లో."

ఎస్కలి తల ఎత్తాడు. "బోరన్‌ని మనం తొంభై ఆరులోనే తిన్నాం కదా. నేనే కోశా."

"అవును."

"మరి దాచిన వీర్యం అన్నారు?"

"పీపాలో కిరసనాయిలు ఉండేది, ఎసెకె. నువ్వే ఒకసారి లాంతరుకు పోసుకెళ్లావు."

నేను ఆపకుండా చెప్పాను. బోరన్ అని రాసినచోట అసలు తండ్రి అక్‌మండాయ్. 417 తల్లి వైపు ముత్తాత జలిన్ అని ఉంది, అదీ అక్‌మండాయే. తండ్రి తల్లి వైపు తుమార్ అని ఉంది, అదీ అక్‌మండాయే. మందలో ఏ ఆవు తీసినా, ఏ దారిన వెనక్కి వెళ్లినా చివరికి ఆ బక్క ఆంబోతు దగ్గరే ఆగుతాం. "నమూనాలు కలవలేదు. ఎస్కలి ఒక్క కవరు కూడా తప్పు పెట్టలేదు. వెంట్రుకలే నిజం చెప్పాయి. పుస్తకం చెప్పలేదు."

"మనుషులకి ఏడు తరాలు లెక్కపెట్టి, వీటికి అన్నకీ చెల్లికీ పెళ్లి చేశాం," అన్నాడు ఎస్కలి మెల్లగా. "నా చేత్తోనే తోలాను ఒకదాని దగ్గరికి ఒకదాన్ని."

సగిందిక్ మొహం ఎర్రబడింది. "కుల్పాష్ అపా ఇలా చేసిందా?"

"నేను చేయమన్నాను. ఆమె ఒకసారి ఆగింది. నేను నవ్వాను, అప్పుడు రాసింది. రిపోర్టులో నా పేరు రాయి."

"ఓరెకె, ఈ రిపోర్టు వెళితే మన పుస్తకం రద్దవుతుంది. మన దూడలు ఇక ఉత్త దూడలే, తెలుసా మీకు?"

"ఉత్త దూడలు ఊపిరి తీసుకుంటాయి," అన్నాడు ఎస్కలి.

సగిందిక్ కుర్చీలోంచి లేచాడు. బల్ల మీది గుడ్డ మూట విప్పి మొదటి రొట్టె ఎస్కలికే ఇచ్చాడు. క్షమించమనే మాట మావాళ్లకు తొందరగా రాదు. ఎస్కలి రొట్టె తుంచి సగం అతనికే తిరిగి ఇచ్చాడు.

417ను దొడ్డిలోనే ఉంచాలని ఆ పూటే తేల్చారు. కొస్తనాయ్ వైపు నుంచి వేరే రక్తం ఆంబోతుల్ని తెప్పిస్తారు. వాటి అంచనాలు మధ్యస్థమే. బరువు తగ్గుతుంది. అయినా ఒక్క తరంలో పోయేది కాదిది, అంది మెరుయెర్త్. మందలో సగానికి పైగా ఆవులు ఆ ముక్కను మోస్తున్నాయి. మందలోకి వెళ్లిన ప్రతిసారీ ఇక నాకు కనిపించేది అక్‌మండాయ్ ముఖమే.

ఆ సాయంత్రం ఇంట్లో మెరుయెర్త్ నన్ను అడిగింది: "ఆగా, ఆ మూడేళ్లలో ఏవి నిజం, ఏవి కావు? పుస్తకం సరిచేయాలంటే తెలియాలి. తండ్రి పేర్లేనా, తల్లి పేర్లు కూడా ఎక్కడైనా మార్చారా?"

"నాకు గుర్తు లేదమ్మా. రెండు వందలకు పైగా దూడలు. కుల్పాష్‌కే తెలియాలి."

"అయితే ఆవిడనే అడుగుదాం," అని 1998 పుస్తకం తెరిచింది. మాటవరసకు అన్నదే, కానీ నేను గుమ్మం వైపు చూశాను.

ఆమె పేజీని దీపం కింద వాల్చింది. కాసేపటికి, "ఇదేమిటి?" అంది.

బోరన్ పేరు కింద పెన్సిల్‌తో ఒక చిన్న చుక్క. ఆవగింజ కన్నా చిన్నది. పై వరుసలో అక్‌మండాయ్ పేరు కింద లేదు, తల్లి పేర్ల కింద లేదు. జలిన్ కింద ఉంది. తుమార్ కింద ఉంది. పేజీ తిప్పితే మళ్లీ చుక్కలు. 99లో, 2000లో. అబద్ధం రాసిన ప్రతిచోటా ఆమె ఒక చుక్క పెట్టింది. ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారని.

నా గుండె తేలికపడింది. నిజంగా ఒక్క క్షణం తేలికపడింది. అప్పుడు మెరుయెర్త్ వేలి కొసతో ఒక చుక్కను తాకి, "ఇంత పాత పెన్సిల్ ఇంత నల్లగా ఉండదు, ఆగా. చెరిగిపోతుంటే మళ్లీ దిద్దారు. చూడండి, కాగితం గుంట పడింది. చాలాసార్లు దిద్దారు," అంది.

నేను చూశాను. నిజమే.

అంటే ఏడాదికోసారో రెండుసార్లో, నేను మందలో ఉన్నప్పుడు, ఆమె ఈ గదిలో కూర్చుని ఆ చుక్కలన్నీ వెతికి వెతికి దిద్దుకుంది. మా పెద్దవాడి సంబంధం తప్పించిన ఏడాది కూడా దిద్దే ఉంటుంది. పక్క గదిలోనే టీ తాగుతూ కూర్చున్నాను నేను. ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేది. నేను అప్పుడు నవ్వాను గనుక, తనంతట తాను మళ్లీ అడగలేదు.

"మీరు పడుకోండి ఆగా. నేను ఇవన్నీ వేరే కాగితం మీదకు ఎత్తి రాస్తాను. ఆవిడ పని సగం చేసే పెట్టారు."

నా గదిలో మంచం మీద వాలాను. గోడ అవతల పేజీలు తిరుగుతున్న చప్పుడు, పెన్సిల్ గీస్తున్న చప్పుడు. ఆ చప్పుడు వినీ వినీ ఎన్నేళ్లు నిద్రపోయానో. కళ్లు మూసుకుని, అది ఎవరి చెయ్యో తెలిసి కూడా, తెలియనట్టే వింటూ పడుకున్నాను. చాలాసేపటికి అది ఆగింది. అడుగులు నా గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాయి. నేను నిద్రపోయాననుకుని ఉంటుంది. తలుపు కిర్రుమనకుండా కాస్త పైకెత్తి పట్టుకుని, మెల్లగా దగ్గరకు వేసింది.